అప్‌డేట్: అమ్మతో, పిల్లలతో రామోజీ ఫిల్మ్ సిటీ చూసొచ్చాం

పర్లాకిమిడి నుంచి మొదటిసారి వెళ్తున్నాం, ఒక్కరోజు సరిపోతుందా అని పోయిన నెల అడిగాను కదా. సరిపోలేదు, సరిపెట్టుకున్నాం.

పలాసలో ఫలక్‌నుమా ఎక్స్‌ప్రెస్ ఎక్కి సికింద్రాబాద్‌లో దిగాం. ఆ రోజంతా పడుకోవడమొక్కటే మేం చేసిన తెలివైన పని. మర్నాడు పొద్దున్నే విజయవాడ రోడ్డు పట్టాం. టికెట్ తీసుకుని గేటు దాటితే పార్కు ఎదురుగా ఉంటుందనుకున్నా. ఎక్కడా! మళ్లీ వాళ్ల బస్సెక్కి లోపలికి వెళ్లాలి. గిన్నిస్ రికార్డులో ఉన్న 1,666 ఎకరాలంటే ఏంటో అప్పుడర్థమైంది.

ఎర్ర బస్సులో సెట్లన్నీ తిప్పి చూపించారు. బాహుబలి సెట్ దగ్గర అమ్మ గోడని వేలితో కొట్టి చూసింది. రాయి చప్పుడు రాలేదు. "ఓలమ్మా, ఇది ఉత్తుత్తి గోడే!" అని అరిచింది. చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వు.

షో టైములు ముందే రాసుకోమని చెప్పారు, నేను వినలేదు. ఆటలాడుకునే ఫండుస్తాన్‌లో పిల్లలు కదల్లేదు, ఈలోగా వైల్డ్ వెస్ట్ స్టంట్ షో అయిపోయింది. పెద్దోడు ఇంకా అలిగే ఉన్నాడు. బర్డ్ పార్క్ మాత్రం తీరిగ్గా చూశాం. చిన్నదాని కొత్త చెప్పులు కరిచేసి, సాయంత్రమంతా అది నా భుజం మీదే.