నెల్లూరు మీద పరిశోధన నెల్లూరులో చదవొద్దా?

పాతపేపర్లు:
మన జిల్లా మీద పరిశోధనంతా ఇంగ్లీషులోనే వస్తోంది. మన నెల్లూరు జిల్లా దూబగుంట సారా ఉద్యమమే తీసుకోండి. 1992లో ఆడవాళ్లు కదిలి సారా దుకాణాలు మూయించారు. 1993లో సారా నిషేధం, 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. ఆ ఉద్యమం అక్షరాస్యత తరగతుల వల్ల రాజుకుందా, ఈనాడు రాతల వల్ల పెరిగిందా, ఆడవాళ్లు అంతకుముందే తెగించి ఉన్నారా అని పరిశోధకులు తెగ వాదించుకున్నారు. ఎక్కువగా ఇంగ్లీషులోనే. రాత్రిబడిలో కూర్చున్నామెకో, ఆ వార్త పంపిన విలేకరికో "అలా జరగలేదండీ" అనే వీలేదీ? ఇలాంటివి ముందు తెలుగులో రావాలంటాను.

స్కాలర్‌గోడు:
వినడానికి బాగానే ఉందన్నా. పీహెచ్‌డీ థీసిస్‌కి ముందు పేపర్లు తప్పనిసరి కాదని యూజీసీ 2022లో అంది, 2025లో తను గుర్తించిన జర్నళ్ల జాబితా అయిన కేర్ లిస్టునూ ఎత్తేసింది. ఇంటర్వ్యూలో టెన్షన్ మాత్రం తగ్గలేదు, ఇప్పటికీ స్కోపస్ (అంతర్జాతీయ జర్నళ్ల సూచిక) పేపర్లెన్ని అనే అడుగుతారు. నా తెలుగు వ్యాసం చూసి ఒక పెద్దాయన "ఓహో, సాహిత్యం రాస్తారా" అన్నారు. అది టీవీ చానెళ్ల యాజమాన్యాల మీద రాసింది!

డిగ్రీమాస్టారు:
అసలు తెలుగులో వేస్తే తప్పులు పట్టేదెవరు? మంచి జర్నల్లో అయితే పేరు తెలియని సమీక్షకులు ఉతికి ఆరేస్తారు. మన దగ్గర ఎడిటర్ తెలిసినవాడైతే చాలు, ఆదివారం అనుబంధంలో అచ్చయిపోతుంది.

పాతపేపర్లు:
ఎప్పుడూ అలా లేదు మాస్టారూ. 1924 నుంచి 1991 దాకా నడిచిన భారతి పత్రికలో చరిత్ర మీదా శాసనాల మీదా ఎన్ని వాదోపవాదాలు నడిచాయో చూడండి. సురవరం ప్రతాపరెడ్డి గారు పత్రికా సంపాదకులు, ప్రొఫెసర్ కాదు. ఆయన రాసిన ఆంధ్రుల సాంఘిక చరిత్రకే 1955లో తెలుగుకు తొలి సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది.

డిగ్రీమాస్టారు:
భారతి ఆగిపోయి ముప్పై ఏళ్లు దాటింది కదండీ, ఇప్పటి సంగతి చెప్పండి. అయితే ఒకటి ఒప్పుకోవాలి. జర్నళ్ల చందాలకు కేంద్రం మూడేళ్లకు 6,000 కోట్లు పెట్టినా అది ప్రభుత్వ సంస్థలకే. మాది ప్రైవేటు కాలేజీ. మా జిల్లా రాజకీయాల మీద పేపర్ వస్తే సారాంశం వరకే కనపడుతుంది, మిగతాదానికి డాలర్లు కట్టమంటుంది.

స్కాలర్‌గోడు:
అందుకే ఇంగ్లీషు పేపర్‌తో పాటే దాని తెలుగు రూపం కూడా రావాలంటాను. జర్నల్ వాళ్ల ఫారంలో అనువాద హక్కుల గురించి ఏముందో చదివాకే సంతకం పెట్టండి.

డిగ్రీమాస్టారు:
సరే, రెండుసార్లు రాయాలి. ఆ రెండోదాన్ని ప్రమోషన్లో లెక్కలోకి తీసుకుంటారా?

స్కాలర్‌గోడు:
ముందు ఉద్యోగం రానివ్వండి మాస్టారూ!