కృష్ణా, గోదావరి నీళ్లు వస్తుంటే గండిపేట చుట్టూ ఆంక్షలు ఇంకా అవసరమా?

మెహదీపట్నం వాసి: హైదరాబాద్‌కు తాగునీరిచ్చే ఉస్మాన్‌సాగర్ (గండిపేట), హిమాయత్‌సాగర్ చుట్టూ 10 కిలోమీటర్ల మేర పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు రాకూడదని 1996లో జీవో 111 ఇచ్చారు. దాని కిందికి 84 గ్రామాలు వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో జీవో 69 వచ్చింది. నగరానికి అందే నీటిలో ఈ జంట జలాశయాల వాటా 1.25 శాతం కూడా లేదంటూ, నీటి నాణ్యత దెబ్బతినకూడదన్న షరతుతో ఆంక్షలు సడలించింది. మీరేమంటారు?

మొయినాబాద్ రైతు: ఎత్తేయాల్సిందే. మా పక్క మండలంలో ఎకరం అమ్మితే ఇల్లు కట్టుకుని, బిడ్డ పెళ్లి చేసి, ఇంకా మిగిలింది. మా భూమికి వచ్చిన బేరగాడు జీవో పేరు వినగానే సగం ధర చెప్పాడు. నగరం నీళ్లు తాగింది, నష్టం మేం మోశాం. నాకైతే పైసా పరిహారం రాలేదు.

రిటైర్డ్ ఇంజనీర్: అన్నా, మీ బాధ న్యాయమైనదే. కానీ ఆ 1.25 శాతం లెక్క పట్టుకుని నిర్ణయం తీసుకోకూడదు. 2004 నుంచి కృష్ణా, 2015 నుంచి గోదావరి నీళ్లు వస్తున్నాయి కాబట్టి వీటి వాటా తగ్గింది. అంతమాత్రాన అవసరం తీరిపోలేదు. ఎల్లంపల్లి నుంచి గోదావరి నీరు 180 కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి, దారిలో మోటార్లతో ఎత్తిపోయాలి. నాగార్జునసాగర్ అడుగంటితే కృష్ణా నీరు తోడే పుట్టంగండి దగ్గర ఎమర్జెన్సీ పంపింగ్ పెట్టాలి. గండిపేట నీరు మాత్రం రాతి కాలువ గుండా, వాలు మీదే, ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు చేరేలా కట్టారు. మోటారు అక్కర్లేదు, కరెంటు పోయినా ఆగదు. ఇంత పెద్ద ఊరికి అలాంటి నీరు కొంతైనా చేతిలో ఉండాలి.

పైగా వీటిని కట్టించింది ముందుగా వరద కోసం. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమంది చనిపోయాక మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఇచ్చిన ప్రణాళికతో 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. పైనున్న పొలాల్లో పడ్డ వాన నేలలో ఇంకుతూ నెమ్మదిగా దిగుతుంది. అక్కడ సిమెంటు పరిస్తే గంటల్లో వచ్చి మీద పడుతుంది. 2020 అక్టోబరులో హిమాయత్‌సాగర్ గేట్లు ఎత్తినప్పుడు కింద మూసీ ఒడ్డున ఉన్నవాళ్ల టెన్షన్ గుర్తుంది కదా?

మొయినాబాద్ రైతు: సార్, రూల్ అందరికీ ఒకటే అయితే ఓర్చుకునేవాళ్లం. మా పొలం పక్కనే ఫంక్షన్ హాలు వెలిసింది. పెళ్లి అయిన రాత్రి దాని సెప్టిక్ ట్యాంకర్ వచ్చి వాగులో పైపు వదిలేసి పోతుంది. పొద్దున ఆ నీళ్ల మీద తెల్లటి నురగ, బర్రెలు మూతి పెట్టవు. ఆ వాగు గండిపేటకే పోతుంది. నేను గది కడదామంటే మాత్రం అధికారులు అడ్డం.

లా విద్యార్థిని: ఇదే పరీవాహకంలో పెట్టబోయిన ఆముదం ఉత్పత్తుల ఫ్యాక్టరీకి 2000లో సుప్రీంకోర్టు అడ్డు చెప్పింది. తాగునీటికి ముప్పు రాదని నిరూపించాల్సింది ఫ్యాక్టరీయేనన్న సూత్రం ఆ కేసులో బలంగా నిలిచింది. జీవో మార్చినంత సులభంగా అది పోదు.

రిటైర్డ్ ఇంజనీర్: రైతన్న చెప్పిన ట్యాంకర్‌కే నేను ఎక్కువ భయపడుతున్నాను. ఇప్పుడే అదుపు లేదంటే, ఆంక్షలు పోయాక వచ్చే అపార్ట్‌మెంట్ల మురుగును ఎవరు ఆపుతారు? ఆంక్షలు ఉండాలి, ఫంక్షన్ హాళ్ల మీద ముందు అమలు కావాలి. దానికి ధర మాత్రం నగరం కట్టాలి. న్యూయార్క్ 1997లో ఎగువ గ్రామాలతో ఒప్పందం చేసుకుంది. ఇష్టపడి అమ్మేవాళ్ల భూములు కొంటోంది, సెప్టిక్ ట్యాంకుల బాగుకు, రైతులకు డబ్బిస్తోంది. మన నల్లా బిల్లులో కొంత వాటా ఈ 84 గ్రామాల రైతులకు ఏటా ఎకరాల లెక్కన చేరాలి. నా బిల్లు పెరిగినా నాకు సమ్మతమే.

మొయినాబాద్ రైతు: ఏటా చేతికి వస్తుందని కాగితం మీద రాసిస్తే నేను అమ్మను సార్. వ్యవసాయమే చేసుకుంటా. మా ఊళ్లో సగం మంది కూడా ఇదే మాట అంటారు.