"పాపము చేసితిని": అందరూ అన్న మాటే, దావీదు నోట ఎందుకు వేరైంది?

ప్రశ్న: బైబిల్లో ఈ మాట ఐగుప్తు రాజు ఫరో అన్నాడు (నిర్గమ 9:27). యెరికోలో దేవుడు నిషేధించిన సొత్తు దొంగిలించిన ఆకాను అన్నాడు (యెహోషువ 7:20). దేవుని ఆజ్ఞ మీరిన రాజు సౌలు అన్నాడు (1 సమూయేలు 15:30). ఊరియా భార్యను తీసుకుని అతన్ని చంపించిన రాజు దావీదు అన్నాడు (2 సమూయేలు 12:13). 30 వెండి నాణేలకు యేసును అప్పగించిన ఇస్కరియోతు యూదా కూడా అన్నాడు (మత్తయి 27:4). మరి దావీదుది పశ్చాత్తాపం, సౌలుది కాదు అనడానికి వాక్యంలోనే ఆధారం ఉందా?

జవాబు: ఉందండీ. ఆ మాటకు ముందూ వెనకా ఏముందో చూడండి. ఫరో "ఈసారి" అన్నాడు, అంటే అంతకుముందు చేసినవి లెక్కలోకి రావన్నట్టు. దేవుడు శిక్షగా పంపిన వడగండ్లు ఆగగానే మళ్లీ గుండె బిగించుకున్నాడు (9:34). సౌలు 24వ వచనంలో జనులకు జడిసి చేశానన్నాడు, 30వ వచనంలో పెద్దల ఎదుట తనను ఘనపరచమన్నాడు. పాపం ఒప్పుకుంటూనే పరువు అడిగాడు. దావీదు జవాబు హీబ్రూలో రెండే పదాలు: యెహోవాకు విరోధంగా పాపం చేశాను. సాకు లేదు, షరతు లేదు.

ఇంకో జవాబు: సామెతలు 28:13 కూడా కలిపి చదవాలి. అక్కడ కనికరం "ఒప్పుకొని విడిచిపెట్టువాడు" పొందుతాడు. క్రియలు రెండు. మనం ప్రార్థనల్లో మొదటి దానితోనే ఆగిపోతాం, చిక్కంతా అక్కడే.

అడిగినవారు: మరి యూదా 30 వెండి నాణేలు తిరిగి ఇచ్చేశాడు కదండీ! విడిచిపెట్టడం అంటే అదే కదా?

జవాబు: మంచి ప్రశ్న. సొమ్ము తిరిగి ఇచ్చాడు, తాను మాత్రం దేవుని వైపు తిరగలేదు. యాజకుల దగ్గరికి వెళ్తే వాళ్లు "అది నీవే చూచుకొనుము" అన్నారు, అక్కడితో ఆగిపోయాడు. 2 కొరింథీ 7:10లో పౌలు రెండు దుఃఖాలను వేరు చేసింది ఇందుకే: ఒకటి మారుమనస్సుకు తీసుకెళ్తుంది, రెండోది మరణానికి.

అలాగని తిరిగి ఇవ్వడం చిన్న విషయం కాదు. సంఖ్యాకాండము 5:6-8 చూడండి: ముందు ఒప్పుకోవాలి, తర్వాత మొత్తం సొమ్ముకు అయిదో వంతు కలిపి నష్టపోయినవాడికి ఇవ్వాలి. పది తులాలు కాజేస్తే పన్నెండు. అతనూ లేక, తీసుకోవడానికి బంధువూ లేకపోతే అది యాజకునికి. ప్రాయశ్చిత్తార్థమైన పొట్టేలు దీనికి అదనం. పొట్టేలు ఇచ్చాను కదా అని పొరుగువాడి సొమ్ము ఎగ్గొట్టడానికి ధర్మశాస్త్రం దారి ఇవ్వలేదు.

మరొకరు: దొరికిన దొంగకు లెక్క వేరు. సొత్తు ప్రాణంతో దొరికితే రెట్టింపు (నిర్గమ 22:4). అమ్మినా చంపినా గొఱ్ఱెకు నాలుగు, ఎద్దుకు అయిదు (22:1). తనంతట తాను ఒప్పుకున్నవాడికి అయిదో వంతే అదనం అని చదవడం నాకు సబబుగా తోస్తుంది. సుంకం వసూలు చేసే జక్కయ్య మాత్రం ఎవరూ అడగకముందే నాలుగంతలు ఇస్తానన్నాడు (లూకా 19:8).

అడిగినవారు: ఆకాను సంగతి మిగిలిపోయింది. షీనారు వస్త్రం, 200 తులాల వెండి, 50 తులాల బంగారు కమ్మి, ఎక్కడ దాచాడో సహా చెప్పాడు. అయినా శిక్ష తప్పలేదే?

జవాబు: గోత్రం, వంశం, కుటుంబం వడపోసి తన పేరు బయటపడ్డాకే నోరు విప్పాడు, అది ఒకటి. ఇంకొకటి, ఒప్పుకోలుకు ఫలితాలను రద్దు చేసే శక్తి ఉందని ఏ వచనమూ చెప్పదు. "నీవు చావవు" అని విన్న దావీదు ఆ వెంటనే ఆ స్త్రీకి తన వల్ల పుట్టిన బిడ్డ చనిపోతాడనీ విన్నాడు (2 సమూయేలు 12:13-14). క్షమాపణ దొరికింది, బిడ్డ దక్కలేదు.