అప్‌డేట్: పాత బుల్లెట్ కిక్ వెనక్కి తన్నడం - కారణం దొరికింది

పాయింట్స్ (తెరుచుకున్నప్పుడు స్పార్క్ వచ్చేలా చేసే కాంటాక్ట్‌లు) ఉన్న 1974 మోడల్ బుల్లెట్ 350 కిక్ వెనక్కి తన్నుతోందని, టైమింగ్ (స్పార్క్ పడే సమయం) ఎంత పెట్టినా స్లోలో నిలబడట్లేదని అడిగాను కదా, సమస్య తీరింది. సలహా ఇచ్చిన అందరికీ థాంక్స్.

టైమింగ్ కంటే ముందు ఆటో అడ్వాన్స్ (ఇంజన్ వేగం పెరిగేకొద్దీ బరువులు విచ్చుకుని స్పార్క్‌ని ముందుకు జరిపే భాగం) చూడమన్న మాటే నిజమైంది. మెకానిక్ పాయింట్స్ ప్లేట్ ఎత్తి చూపించారు. కింద రెండు బరువులూ ఎండిన గ్రీజులో అతుక్కుపోయి సగం తెరుచుకునే ఉన్నాయి, ఒక స్ప్రింగ్ సాగిపోయింది. అంటే కిక్ కొట్టేటప్పటికే స్పార్క్ ముందుకొచ్చేస్తోంది! అంతా కడిగి స్ప్రింగ్స్ జత మార్చారు. ఇప్పుడు వేలితో తిప్పి వదిలితే టక్కున వెనక్కి వస్తోంది.

ఆ తర్వాతే టైమింగ్. ముందు పాయింట్స్ గ్యాప్ 0.38 మి.మీ. పెట్టాలి, ఎందుకంటే గ్యాప్ మారితే టైమింగూ మారిపోతుంది. అడ్వాన్స్ పూర్తిగా వెనక్కి ఉండగా, కంప్రెషన్ స్ట్రోక్‌లో పిస్టన్ పైకి చేరడానికి 0.8 మి.మీ. ముందు పాయింట్స్ విడిపోవాలి. పాయింట్స్ వైరుకీ బాడీకీ మధ్య చిన్న బల్బు పెట్టాం, విడిపోగానే వెలిగింది. పాయింట్స్ మధ్య సిగరెట్ కాగితం పెట్టి, అది ఎప్పుడు వదులవుతుందో చూసే పద్ధతి కంటే నాకిదే నమ్మకం.

ఈ సమస్యకి కార్బురేటర్ జెట్‌తో గానీ, స్పార్క్‌కి వోల్టేజ్ పెంచే కాయిల్‌తో గానీ సంబంధమే లేదు. పాత కాయిలే మళ్లీ బిగించాం, రెండో కిక్‌కే స్టార్ట్ అవుతోంది.