నీడ పడే డాబాకి ఒక్క ఇన్వర్టరా, ప్యానెల్‌కొకటా?

బరంపురం మాస్టారు:
డాబా మీద 3 కిలోవాట్లకి 6 సోలార్ ప్యానెళ్లు వేద్దామనుకుంటున్నాను. డాబాకి తూర్పున పక్కింటి కొబ్బరిచెట్లు, పడమర మా వాటర్ ట్యాంకు. ప్యానెళ్ల డీసీ కరెంటుని ఇంట్లో వాడే ఏసీగా మార్చడానికి అన్నిటికీ కలిపి ఒక్క ఇన్వర్టర్ చాలంటాడు ఒకాయన. ఇంకొకాయన ప్రతి ప్యానెల్ కిందా ఒక చిన్న ఇన్వర్టర్, అదే మైక్రో, పెట్టమంటాడు, 40,000 ఎక్కువవుతుందట. కేంద్రం ఇచ్చే సూర్యఘర్ సబ్సిడీ ఏది పెట్టినా అదే 78,000. వాడుతున్నవాళ్లు చెప్పండి.

పర్లాకిమిడి డాబా:
మాస్టారూ, మాది ఒక్క ఇన్వర్టరే. మధ్యాహ్నం 3 దాటితే మెట్లగది నీడ రెండు ప్యానెళ్ల మీద పడేది. అన్నీ ఒకదానికొకటి వైరుతో వరసగా కలిపినవే కదా, మిగతా నాలుగింటినీ కొంత లాగేసేది. చివరికి ఆ రెండింటినీ పిట్టగోడ వైపు జరిపించాను. 2,500 అయింది, చాలావరకు తీరింది. ముందు జాగా మార్చి చూడండి.

రాయగడ వైరింగ్:
ఈ పనే చేస్తాను కాబట్టి చెప్తున్నా. ఆరు ప్యానెళ్లు వరసగా కలిపితే కిందికి దిగే డీసీ 200 వోల్టులు దాటుతుంది. డీసీలో నిప్పురవ్వ లేస్తే ఏసీలోలా తేలిగ్గా ఆరదు, జాయింట్లు గట్టిగా ఉండాలి. మైక్రోలో ప్యానెల్ దగ్గరే ఏసీ అయిపోతుంది, ఒకటి పోయినా మిగతా ఐదూ నడుస్తాయి. కానీ ఆ పెట్టె ఉండేది ఎండలో కాగే ప్యానెల్ కింద. చెడితే ప్యానెల్ విప్పాలి.

సిరొంచ:
నిజం. నాది మైక్రోనే. ఎనిమిదో నెలలో ఒకటి ఆగింది. అది ఏ ప్యానెల్‌దో ఫోన్లో వెంటనే కనిపించింది, బాగానే ఉంది. కొత్త పెట్టె మాత్రం 5 వారాలకి వచ్చింది. మన ఊళ్లకి వారంటీ కాగితం కంటే సామాను అందే దారి ముఖ్యం.

బరంపురం మాస్టారు:
2018లో తిత్లీ తుపానప్పుడు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాం. మళ్లీ అలాంటిదొస్తే కనీసం పగలు ఫ్యాన్ తిరుగుతుందా?

రాయగడ వైరింగ్:
తిరగదండీ. లైను పోతే రెండు రకాలూ ఆగిపోతాయి, మన కరెంటు లైన్లోకి వెళ్లి స్తంభం మీద లైన్‌మ్యాన్‌కి షాక్ కొట్టకూడదని. బ్యాటరీ, దానికి తగిన హైబ్రిడ్ ఇన్వర్టర్ (ప్యానెళ్లనీ బ్యాటరీనీ రెండిటినీ నడిపేది) ఉంటేనే. ఆ 40,000 అటు పెట్టడం నయమని నా లెక్క. ఆదివారం గంటగంటకీ డాబా మీద సుద్దముక్కతో నీడ గీయండి. డిసెంబరులో ఇంకా పొడుగవుతుంది, గుర్తుంచుకోండి.

పర్లాకిమిడి డాబా:
ఆ కొబ్బరిమట్టలు కాస్త కొట్టించమంటే సరిపోదా?

బరంపురం మాస్టారు:
పక్కిల్లు మా వియ్యంకుడిది బాబూ. సుద్దముక్కే తెచ్చుకుంటాను.