అమ్మమ్మ 80వ పుట్టినరోజుకి బొంత డిజైన్ కార్డు చేస్తున్నా, గళ్ళు కలవట్లేదు, కార్డు వంగిపోతోంది

బొంతమనవరాలు:
అందరికీ నమస్తే. వచ్చే ఆదివారం మా అమ్మమ్మకి 80 నిండుతాయి. ఒంగోలు దగ్గర మా ఊళ్ళో ఇంట్లో ఎవరికి బిడ్డ పుట్టినా పాత నేత చీరలు నాలుగైదు మడతలు పరిచి డబ్బనంతో బొంత కుట్టి పంపేది, నాకూ కుట్టింది, ఇప్పటికీ నా దగ్గరే ఉంది. నాలుగేళ్ళుగా చూపు ఆనక సూదిలో దారం ఎక్కించుకోలేక మానేసింది. అందుకే ఈసారి చీర కాకుండా నా బొంత డిజైన్‌నే కాగితం ముక్కలతో కార్డు మీద చేసి ఇద్దామనుకున్నా.

చేసిందేంటంటే, ఏ4 మందపు కార్డు షీట్‌ని 10 అంగుళాలు x 5 అంగుళాలు కోసి మడిస్తే 5 అంగుళాల చదరం వచ్చింది, దాని మీద 4 అంగుళాల బొంత, అరంగుళం ముక్కలు 8 వరసలు, మొత్తం 64. కత్తెరతో కోశా, కొన్ని పాత పెళ్ళికార్డుల నుంచి, కొన్ని ఓరిగామి కాగితం, తెల్ల గమ్ రాసి అంటించా. మొదటి మూడు వరసలు బానే ఉన్నాయి, తర్వాత గళ్ళు పక్కకి జరిగిపోయి చివరి వరస అసలు పట్టలేదు. తెల్లారేసరికి కార్డు అప్పడంలా వంగింది. మడత దగ్గర కూడా పగుళ్ళు వచ్చాయి. రెండుసార్లు చేశా, రెండుసార్లూ అంతే. ఎక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి ప్లీజ్.

కాగితం_కత్తెర:
మూడూ వేరే వేరే కారణాలండి.

వంగడం గమ్‌లో నీళ్ళ వల్ల. తడికి కాగితం సాగుతుంది, ఆరేటప్పుడు బిగుసుకుంటుంది, ఒకవైపే ముక్కలు ఉంటే ఆ వైపుకి లాగేస్తుంది. గ్లూ స్టిక్ వాడండి, లేదా డబుల్ సైడ్ టేప్. ఇంకోటి, ముక్కల్ని నేరుగా కార్డు మీద అంటించొద్దు, విడిగా ఒక పల్చటి కాగితం మీద అంటించి, రాత్రంతా బరువైన పుస్తకాల కింద పెట్టి, పూర్తిగా ఆరాక ఆ ప్యానెల్‌ని కార్డుకి అతికించండి. ఒకవేళ ప్యానెల్ కూడా వంగితే వెనకవైపు అలాంటిదే ఇంకో కాగితం అంటిస్తే రెండువైపులా లాగుడు సమానమై చదునుగా వస్తుంది.

మడత పగలడం పోగు దిశ వల్ల. కాగితానికి కూడా గుడ్డలాగే పోగు ఉంటుంది. షీట్‌ని మడత పడకుండా అటోసారి ఇటోసారి మెల్లగా వంచి చూడండి, ఏ వైపు తేలిగ్గా వంగితే మడత ఆ వైపే రావాలి. మడిచే ముందు స్కేలు పెట్టి ఇంకు అయిపోయిన బాల్ పెన్నుతో గట్టిగా గీత గీయండి, అప్పుడు 300 జీఎస్ఎమ్ లాంటి మందపు కార్డు కూడా నీట్‌గా మడత పడుతుంది.

గళ్ళ సంగతి, ఒక్కో ముక్కకి 1 మి.మీ. తేడా వస్తే 8 ముక్కలకి 8 మి.మీ., అంటే సగం వరస పైనే పోయినట్టే. కత్తెర వద్దు, స్టీలు స్కేలు, కట్టర్. పెళ్ళికార్డు మందం, ఓరిగామి పల్చన, రెండూ పక్కపక్కన పెడితే ఎత్తుపల్లాలుగా ఉంటుంది, ఒకే రకం తీసుకోండి.

దారపుండ_సిద్దిపేట:
64 ముక్కలు విడివిడిగ ఎందుకు కోస్తున్నవ్ చెల్లె, గుడ్డతోటి కుట్టేటోళ్ళు గూడ గట్ల కొయ్యరు. పట్టీలు కొయ్యి. అరంగుళం వెడల్పు, 4 అంగుళాల పొడుగు, 8 పట్టీలు, ఒకటి ముదురు రంగు ఒకటి లేత రంగు. పల్చటి కాగితం మీద పక్కపక్కకు ఆనించి అంటియ్యి. ఆరినంక దాన్ని అడ్డంగ తిప్పి మళ్ళ అరంగుళం చొప్పున 8 పట్టీలు కొయ్యి. ఇప్పుడు ఒక్కో పట్టీల 8 గళ్ళు కలిసే ఉంటయి. ఒకటి ఇడిచి ఒకటి తలకిందులు చేసి అంటిస్తే ముదురు పక్కన లేత వచ్చి కూసుంటది. 64 సార్లు అతికించే పని 16 సార్లకు వస్తది. పట్టీల లెక్క మాత్రం సరిసంఖ్య ఉండాలె, 7 గానీ 9 గానీ పెడితే తిప్పినా అదే రంగు అదే జాగల వస్తది, గళ్ళు పడయి.

పాతచీర_అంచు:
పై ఇద్దరూ చెప్పింది కరెక్టే గానీ నాకు వేరే సందేహం. మీ అమ్మమ్మ కుట్టిన బొంతలో గళ్ళు అంత లెక్కగా ఉన్నాయా అమ్మా? ఒకసారి తీసి చూడండి. మా ఇళ్ళలో బొంతలంటే చీరలో గట్టిగా మిగిలిన భాగం ఎంతుంటే అంత ముక్క, చిరిగిన చోట అతుకు మీద అతుకు. చదరంగం బల్లలాగా చేస్తే అందంగా ఉంటుంది, కానీ ఆవిడ బొంతలా ఉండదు.

మీ పక్క రాష్ట్రం కర్ణాటకలో, ఉత్తర కన్నడ జిల్లా వైపు సిద్దీ తెగ ఆడవాళ్ళు కవంది అని బొంతలు కుడతారు, మూల దగ్గర మొదలుపెట్టి అంచుల వెంట చుట్టూ తిరుగుతూ ముక్క మీద ముక్క కొంచెం ఎక్కిస్తూ మధ్యకి వస్తారు. కాగితానికి ఇది చాలా బాగా కుదురుతుంది, ఎందుకంటే ముక్కలు ఒకదాని మీదొకటి ఎక్కితే సందే రాదు, కొలత 2 మి.మీ. అటూఇటూ అయినా కనపడదు. కాగితం పల్చగా ఉండాలి అంతే.

ఇంకోటి, చూపు ఆనదంటున్నారు, అరంగుళం గళ్ళు ఆవిడకి కలిసిపోయి మచ్చలా కనిపిస్తాయి. అంగుళం, అంగుళంన్నర ముక్కలు పెట్టండి, వంగపండు రంగు పక్కన మామిడిపిందె రంగులాగా తేడా గట్టిగా ఉండాలి. తెల్ల జెల్ పెన్నుతో కుట్లు గీయమని చాలామంది చెప్తారు, వద్దు, నిజంగా కుట్టండి. చేత్తో తడిమితే తెలుస్తుంది ఆవిడకి.

బొంతమనవరాలు:
పాతచీర గారూ, బొంత తీసి చూశా. నిజమే, ఒక్క గడీ కూడా పక్కదానితో సమానంగా లేదు, ఒకచోట వెంకటగిరి చీర అంచు ముక్క అడ్డంగా ఉంది, దాని మీద ఇంకో చిన్న అతుకు. ఇన్నేళ్ళు కప్పుకున్నా, నా మనసులో మాత్రం సమానమైన గళ్ళే ఉన్నాయి. ముక్కలు ఎక్కించే పద్ధతిలోనే చేస్తా. సిద్దిపేట అక్కా, మీ పట్టీల పద్ధతి సంక్రాంతి కార్డులకి దాచుకుంటున్నా. కుట్టడానికి ప్రయత్నిస్తే కాగితం చిరిగింది, ఎలా?

పాతచీర_అంచు:
ముందు చిల్లులు పెట్టాలి. ప్యానెల్ కింద థర్మాకోల్ పెట్టి, స్కేలు ఆనించి పెన్సిల్‌తో చుక్కలు, 5 మి.మీ.కి ఒకటి, సూదితో పొడవండి. మరీ దగ్గరగా పొడిస్తే స్టాంపు అంచులాగా అక్కడే ఊడుతుంది. ఎంబ్రాయిడరీ దారంలో ఆరు పోగులుంటాయి, రెండు పోగులు చాలు. ముడి వెనక వేసి టేప్ అంటించండి, కుట్టడమంతా అయ్యాకే ప్యానెల్ కార్డుకి పెట్టండి, ముడులు కనపడవు.

బొంతమనవరాలు:
రాత్రి కూర్చుని చేశా, ఈసారి వంగలేదు. నేరేడు, చిలకాకుపచ్చ, పసుపు, చుట్టూ ఎర్ర అంచు. ఐదు వరసలు కుట్టేశా. ఆరో వరసకి చిల్లులు మాత్రం పొడిచి, దారం ఎక్కించిన సూది దానికే గుచ్చి ఉంచాను. అమ్మమ్మకి కష్టం దారం ఎక్కించడమే, చేతులు బానే ఉన్నాయి, చిల్లు వేలికి తగుల్తుంది కదా, ఆ వరస తనే కుడుతుందని.

పాతచీర_అంచు:
అయితే అప్పటిదాకా ప్యానెల్‌ని కార్డుకి అంటించకండి, ఆ వరస కుట్టాలంటే సూది వెనక్కి రావాలిగా. టేప్ బ్యాగులో పెట్టుకెళ్ళండి. సూది మొన మొద్దుగా ఉన్నది పెట్టండి, ఆ చిల్లులు కూడా ఇంకొంచెం పెద్దవి చేయండి.