రింగ్ కొన్నాం, సైజు ఎలా చూసుకోవాలి? ఎంతసేపు ఉంచుకోవచ్చు?

పేరు_ఎందుకులే

నమస్కారం అండీ. నిజానికి ఇది మా ఆయన అడగాల్సింది, ఆయనకి సిగ్గు, అందుకే నేను రాస్తున్నా. పెళ్లై పదకొండేళ్లు, ఆయనకి 39. ఏడాది నుంచి స్తంభన వస్తోంది కానీ మధ్యలోనే తగ్గిపోతోంది, దాంతో ఆయన మూడ్ పాడు చేసుకుని అటు తిరిగి పడుకుంటున్నారు. ఎక్కడో చదివి, స్తంభన నిలవడానికి అంగానికి పెట్టుకునే రింగులు ఆన్‌లైన్‌లో రెండు తెప్పించాం, ఒకటి సాగే సిలికాన్‌ది, ఇంకోటి స్టీలుది (ఆఫర్‌లో కలిపి ఇచ్చాడు). పెట్టె మీద 40 అని, 45 అని రాసుంది తప్ప ఎలా వాడాలో ఒక్క ముక్క లేదు. ఎలా పెట్టుకోవాలి, ఎంతసేపు ఉంచాలి, ఏమన్నా అవుతుందా? వెటకారాలు వద్దు ప్లీజ్, ఈ పోస్ట్ పెట్టడానికే మూడు రోజులు పట్టింది.

గట్టుమీద_గాలి

ఇందులో వెటకారం చేయడానికేం లేదండీ. నేను నాలుగేళ్లుగా వాడుతున్నాను, తెలిసింది చెప్తా.

ముందు ఆ స్టీలుది తీసి పక్కన పడేయండి. కొత్తవాళ్లకి అది అస్సలు వద్దు. సిలికాన్ అయితే సాగుతుంది, వేలితో లాగితే వచ్చేస్తుంది, మరీ అయితే కత్తిరించొచ్చు. స్టీలుది పెట్టుకున్నాక లోపల వాపొస్తే సాగేది లేదు, తెగేది లేదు. మొదటిసారికి నేనైతే బటన్లున్న బెల్టు రకం చెప్తా, టిక్కుమని ఊడొస్తుంది.

సైజు సంగతి. ఆ 40, 45 అనేవి మిల్లీమీటర్లు, లోపలి అడ్డకొలత. ఆయన స్తంభనలో ఉన్నప్పుడు మొదట్లో, అంటే ఒంటికి ఆనుకున్న చోట, ఒక దారం బిగించకుండా చుట్టి, కలిసిన చోట పెన్నుతో గీసి, దాన్ని స్కేలు మీద పెట్టి కొలవండి. వచ్చినదాన్ని 3.14తో భాగించాలి. పన్నెండున్నర సెంటీమీటర్లు వచ్చిందనుకోండి, దాదాపు 4, అంటే 40. రెండు సైజుల మధ్య పడితే పెద్దదే. నేను మొదట చిన్నది కొన్నా, గట్టిగా పట్టుకుంటే బాగా పనిచేస్తుందనుకున్నా, ఐదు నిమిషాలకే చివర మొద్దుబారిపోయి భయమేసి తీసేశా.

మెత్తగా ఉన్నప్పుడో సగం గట్టిపడ్డప్పుడో కొంచెం జెల్ రాసి మొదటిదాకా దించాలి. వెంట్రుకలు ఇరుక్కుంటే ప్రాణం పోతుంది, ముందే కత్తిరించుకోమనండి. ఇరవై నిమిషాలు చాలు, ఎట్టి పరిస్థితుల్లోనూ అరగంట దాటకూడదు. ఫోన్లో అలారం పెట్టుకోండి, నవ్వొచ్చినా సరే పెట్టుకోండి. ఇంకోటి, మొదటిసారి ఆయన్ని ఒంటరిగా ఉన్నప్పుడు ఒక ఐదు నిమిషాలు పెట్టి తీసి చూసుకోమనండి, పెట్టడం కంటే తీయడం వచ్చిందా లేదా అన్నది ముఖ్యం.

ఉల్లిపాయ_దోసె

ఇంత అవసరమా అన్నా, మామూలు రబ్బరు బ్యాండ్ వేసుకున్నా అదే కదా?

రాత్రి_డ్యూటీ

ఉల్లిపాయ గారూ, అదే కాదు. మీలాగే అనుకున్నవాళ్లని మేం చూస్తాం.

నేను క్యాజువాలిటీలో స్టాఫ్ నర్సుని, ఊరు చెప్పను. ఒకాయన పొద్దున పదకొండింటికి వచ్చాడు, కడుపునొప్పి అని రాయించుకున్నాడు. డాక్టర్ పొట్ట నొక్కుతుంటే ఆయన లుంగీ పట్టుకుని వదలట్లేదు. చూస్తే షెడ్డులో దొరికే బేరింగు రింగు. ముందురోజు రాత్రి తాగి పెట్టుకుని నిద్రపోయాడట. లేచేసరికి రింగుకి అవతల అంతా వాచి, వంకాయ రంగు. వేలి ఉంగరాలు కోసే కట్టర్ దానికి పని చేయలేదు. చివరికి కరెంటు కట్టర్ తెప్పించి, చర్మానికీ రింగుకీ మధ్య సన్నటి రేకు దూర్చి, వేడెక్కకుండా నేను సెలైన్ పోస్తుంటే కోశారు, అది కూడా రెండు చోట్ల. ఆయన అదృష్టం బాగుంది. రాత్రే వచ్చుంటే దారం చుట్టి రింగుని జార్చే పద్ధతితోనో వాపు తగ్గించో తీసేవాళ్లేమో. నిద్రలో, సిగ్గులో పోగొట్టుకున్న ఆ గంటలే అసలు నష్టం.

ఎందుకు అరగంట అంటారంటే, అంగంలోకి రక్తం తెచ్చే ధమనులు లోపలుంటాయి, తిరిగి తీసుకెళ్లే సిరలు పైపైన ఉంటాయి. రింగు ఆ సిరల్ని నొక్కుతుంది, వచ్చిన రక్తం వెళ్లకుండా ఆగుతుంది, అందుకే గట్టిదనం నిలుస్తుంది. కానీ ఆగిన రక్తంలో ఆక్సిజన్ అయిపోతూ ఉంటుంది. రబ్బరు బ్యాండ్ సన్నగా ఉండి ఒకే గీత మీద కోస్తుంది, రింగు వెడల్పుగా ఉంటుంది, తేడా అది. చల్లబడినా, తిమ్మిరెక్కినా, నీలంగా మారినా, నొప్పి పుట్టినా టైము చూడకుండా తీసేయాలి.

రాకపోతే కంగారు పడి లాగొద్దు, పడుకుని, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి, జెల్ బాగా రాసి నిదానంగా చూడాలి. సిలికాన్ అయితే మొన మొద్దుగా ఉన్న కత్తెరతో జాగ్రత్తగా కత్తిరించొచ్చు. అప్పటికీ రాలేదంటే ఆటో ఎక్కేయడమే, కౌంటర్ దగ్గర "రింగు ఇరుక్కుంది" అని ఒక్క ముక్క చెప్పండి చాలు, మాకు అలవాటే. రింగు తీసేశాక కూడా స్తంభన నాలుగు గంటలు దిగకపోతే అదీ ఎమర్జెన్సీనే.

పేరు_ఎందుకులే గారూ, మీ వారికి షుగర్, బీపీ, రక్తం పల్చబడే మాత్రలు ఏమన్నా ఉన్నాయా? అది చెప్పలేదు మీరు.

మందుల_షాపు_బాబాయ్

నర్సమ్మ చెప్పింది ఒకటికి రెండుసార్లు చదువుకో అమ్మా. నావి రెండు మాటలు.

జెల్ నీళ్ల రకం తీసుకో, వాటర్ బేస్డ్ అని రాసుంటుంది. సిలికాన్ రింగుకి సిలికాన్ జెల్ వాడితే రింగు జిగటపట్టి పాడవుతుంది. ఇక కొబ్బరినూనె. మన ఇళ్లలో అన్నిటికీ అదే కదా, కానీ లేటెక్స్ కండోమ్‌కి నూనె తగిలితే చిరుగుతుంది. రింగు ఉంది కదా అని కండోమ్ మానేసేవాళ్లూ ఉన్నారు, రింగుతో గర్భమూ ఆగదు, రోగమూ ఆగదు. వాడాక సబ్బునీళ్లతో కడిగి ఆరబెట్టి దాచండి.

వైబ్రేటర్ ఉన్న రకం కొంటే అందులో గుండీ బ్యాటరీలుంటాయి, పిల్లలున్న ఇల్లు, వాళ్లకి దొరక్కుండా చూసుకోండి. అది మింగితే గొంతులో కాలిపోతుంది, చాలా ప్రమాదం.

వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పల్చబడే మాత్రలు వాడేవాళ్లు డాక్టర్ని అడగకుండా రింగు పెట్టుకోకూడదు. సికిల్ సెల్ (రక్తకణాలు కొడవలిలా వంగిపోయే జబ్బు) ఉన్నవాళ్లకి అసలే వద్దు, మన పాడేరు, అరకు, ఉట్నూరు వైపు ఈ జబ్బు ఉంది కాబట్టి చెప్తున్నా. ఇంకా, రింగు పనిచేయలేదని నా దగ్గరికొచ్చి సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) అడుగుతారు. గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్ర వాడేవాళ్లు సిల్డెనాఫిల్ మింగితే బీపీ ఒక్కసారి పడిపోతుంది, ప్రాణం మీదకొస్తుంది. చీటీ లేకుండా నేను ఇవ్వను, తిట్టుకున్నా సరే.

పేరు_ఎందుకులే

అందరికీ థాంక్స్ అండీ, కళ్లలో నీళ్లొచ్చాయి నిజంగా. నర్సు గారూ, ఆయనకి షుగర్ ఉంది, మూడేళ్లవుతోంది. మాత్రలు ఓ నెల వేసుకుంటారు, ఓ నెల మానేస్తారు. దీనికీ దానికీ సంబంధం ఉంటుందని తెలియక రాయలేదు. రాత్రిపూట అరికాళ్లు మంటలంటారు కూడా.

రాత్రి_డ్యూటీ

అయితే ప్రస్తుతానికి సిలికాన్‌ది కూడా వాడకుండా పక్కన పెట్టేయండి.

అరికాళ్ల మంటలంటే షుగర్ నరాల్ని తాకిందేమో చూడాలి. నరాలు మొద్దుబారితే రింగు బిగుసుకున్నా ఆయనకి నొప్పి తెలియదు, మేం చెప్పే "నొప్పొస్తే తీసేయండి" అన్న జాగ్రత్తే పనిచేయదు. పైగా స్తంభన తగ్గడానికి అసలు కారణం షుగరే అయ్యుండొచ్చు. అంగంలో రక్తనాళాలు గుండెవాటి కంటే సన్నవి, అందుకని తేడా ముందు ఇక్కడ కనిపించి తర్వాత గుండెలో బయటపడటం ఉంది. 39 ఏళ్లకి ఇది సిగ్గుపడి దాచే విషయం కాదు. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగర్ సగటు చెప్పే రక్తపరీక్ష), కొలెస్ట్రాల్, బీపీ చూపించండి, ఈసీజీ కావాలో లేదో వాళ్లే చెప్తారు. తర్వాత యూరాలజిస్ట్‌ని రింగు గురించి కూడా అడగండి, వాళ్లే కొందరికి వాక్యూమ్ పంపుతో (గాలి లాగి స్తంభన తెప్పించే పరికరం) పాటు రింగు వాడమంటారు, అక్కడా గడువు అరగంటే.

గట్టుమీద_గాలి

అవునండీ, నేను షుగర్ అడగనే లేదు, తప్పు నాదే. ఆయన ఒక్కరే వెళ్తే గుమ్మం దాకా వెళ్లి వెనక్కొచ్చేస్తారు, మీరూ వెళ్లండి. నేనైతే మా ఆవిడ పక్కనుంటేనే నోరు విప్పాను.

పేరు_ఎందుకులే

ఈ పేజీ మొత్తం ఆయనకి చూపించాను. బేరింగు దగ్గర ఆగిపోయి రెండుసార్లు చదివారు. స్టీలుది తిప్పి పంపడానికి పెట్టేశాం, కారణం దగ్గర "సైజు సరిపోలేదు" అని నొక్కాను. సోమవారం షుగర్ డాక్టర్ దగ్గర టోకెన్ తీసుకున్నాం. లోపల ఎవరు మొదలుపెట్టాలో ఇంకా తేల్చుకోలేదు.